ఆర్‌ఎన్‌ఏ రకాల పేర్లు, పొడి అక్షరాలు తప్పుల్లేకుండా రాయడం ఎలా?

థీసిస్‌లో "మిర్-21 పెరిగింది" అని రాశారనుకోండి. మిర్-21 అంటే ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ, చాలా చిన్న ఆర్‌ఎన్‌ఏ. ఏ జీవిలో పెరిగింది? పరిపక్వ రూపమా, దానికి ముందుండే హెయిర్‌పిన్ (జడపిన్నులా మడతపడిన) రూపమా? 5పి పోగా, 3పి పోగా? ఈ మూడూ తేలకపోతే మీ ప్రయోగాన్ని ఇంకొకరు తిరిగి చేయలేరు. అదే పేరుతో ఆర్డర్ పెడితే మీకు కావలసిన అణువు రాకపోవచ్చు కూడా. ఆర్‌ఎన్‌ఏ పేరు సరిగ్గా రాశామా లేదా అని చూసుకోవడానికి ఒకటే కొలబద్ద: చదివినవాళ్లు మిమ్మల్ని ఏమీ అడక్కుండానే కచ్చితంగా ఆ అణువు దగ్గరికే వెళ్లగలగాలి.

ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన పేర్లను మీ పేపర్లో, ల్యాబ్ నోట్‌బుక్‌లో రోమన్ అక్షరాల్లోనే రాస్తారు. పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోయే చోట విడిగా చెప్పాం.

1. ముందు మూస పట్టుకోండి

ఆర్‌ఎన్‌ఏ మూడు అక్షరాలూ పెద్దవి. దాని ముందు చేరే పొడి అక్షరాలు చిన్నవి. మధ్యలో ఖాళీ ఉండదు, అడ్డగీత ఉండదు. ఎంఆర్‌ఎన్‌ఏ, టిఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఆర్‌ఎన్‌ఏ అన్నీ ఇంతే. వాక్యం మొదట్లో వచ్చినా చిన్న అక్షరాన్ని పెద్దది చేయకూడదు. వర్డ్‌లో ఆటోకరెక్ట్ ఆ పని తనంతట తానే చేస్తుంది కాబట్టి దాన్ని ఆపేయండి, లేదా వాక్యాన్ని తిప్పి రాయండి. బహువచనానికి చివర చిన్న ఎస్ చాలు, అపోస్ట్రఫీ పెట్టొద్దు.

మినహాయింపులు కొన్నే. ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏలో అడ్డగీత ఉంటుంది. వై ఆర్‌ఎన్‌ఏ, వాల్ట్ ఆర్‌ఎన్‌ఏ, ఎస్‌ఆర్‌పి ఆర్‌ఎన్‌ఏ, 7ఎస్‌కె ఆర్‌ఎన్‌ఏలను విడదీసి రాస్తారు.

ముందున్న పొడి అక్షరాలు ఒక్కోచోట ఒక్కో సంగతి చెబుతాయి. కొన్ని అణువు చేసే పని చెబుతాయి: ఎం అంటే మెసెంజర్, టి అంటే ట్రాన్స్‌ఫర్. కొన్ని అది ఉండే చోటు చెబుతాయి: ఎస్‌ఎన్ అంటే కేంద్రకంలోని చిన్నవి, స్నో అంటే కేంద్రకాంశంలోని చిన్నవి, స్కా అంటే కేంద్రకంలోనే ఉండే కహాల్ బాడీలనే చిన్న నిర్మాణాల్లోనివి. ఇంకొన్ని పొడవునో ఆకారాన్నో చెబుతాయి: మైక్రో, సర్క్ (వలయాకారం), ఎస్‌హెచ్ (పొట్టి హెయిర్‌పిన్), డిఎస్ (రెండు పోగులది). విభజనకు ఆధారం ఒకటే కాదు కాబట్టి ఒకే అణువు రెండు గుంపుల్లోకీ రావచ్చు. దాన్ని తప్పనుకోకండి. మీ వాక్యం దేని గురించో చూసి, దానికి సరిపోయే పేరు తీసుకోండి.

పొడవు హద్దుల్ని మాత్రం ప్రకృతి గీసిన గీతలనుకోవద్దు. ఎల్‌ఎన్‌సిఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్‌కు కోడ్ కాని పొడవాటి ఆర్‌ఎన్‌ఏ, 200 న్యూక్లియోటైడ్‌లు దాటాలన్నది పాత లెక్క. ఆర్‌ఎన్‌ఏ శుద్ధిచేసే పద్ధతుల్లో చిన్నవి జారిపోయే చోటును బట్టి పెట్టుకున్న గీత అది. 2023లో ఈ రంగంలోని పరిశోధకులు కలిసి ఇచ్చిన ప్రకటనలో 500ను సూచించారు. మీరు ఏ హద్దు వాడారో పద్ధతుల విభాగంలో ఒక్క మాట రాయండి.

2. రెండర్థాల పొడి అక్షరాలను ముందే ఏరిపెట్టుకోండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఎస్‌జిఆర్‌ఎన్‌ఏ అంటే క్రిస్పర్ (జన్యువుల్ని కోసి మార్చే పద్ధతి) చేసేవాళ్లకు సింగిల్ గైడ్ ఆర్‌ఎన్‌ఏ. కరోనా వైరస్‌ల మీద పనిచేసేవాళ్లకు సబ్‌జీనోమిక్ ఆర్‌ఎన్‌ఏ. క్రిస్పర్‌తో కరోనా వైరస్‌ను పట్టే పరీక్ష గురించి రాస్తుంటే రెండూ ఒకే పేజీలో తగులుతాయి. అప్పుడు ఒకదాన్ని ప్రతిసారీ పూర్తిగా విడమరచి రాయడం తప్ప దారి లేదు.

ఎస్‌ఏఆర్‌ఎన్‌ఏ అంటే టీకాల్లో తన ప్రతులను తానే పెంచుకునే ఆర్‌ఎన్‌ఏ. పుణె జెన్నోవా సంస్థ తయారుచేసిన, 2022లో అత్యవసర వినియోగ అనుమతి పొందిన జెమ్‌కోవాక్-19 ఈ రకమే. అవే అక్షరాలను జన్యువు పనిని పెంచే చిన్న రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏకూ వాడతారు.

జిఆర్‌ఎన్‌ఏ అన్న మాట క్రిస్పర్ కంటే ముందే, 1990లో ట్రిపనోసోమ్ కుటుంబపు జీవుల మైటోకాండ్రియాలో ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్‌కు దారిచూపే అణువులకు పెట్టిన పేరు. పాత పేపర్లు వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎంఆర్‌ఎన్‌ఏలో ఎం మైటోకాండ్రియాకు గుర్తు కాదు. మైటోకాండ్రియాది అని చెప్పాలంటే చిన్న అక్షరాల్లో ఎంటి, అడ్డగీత, తర్వాత అసలు పేరు. ఇక ఎంఆర్‌ఎన్‌ఏకూ ఎంఐఆర్‌ఎన్‌ఏకూ తేడా ఒక్క అక్షరమే. స్పెల్‌చెక్ ఈ పొరపాటును పట్టదు. చివర్లో రెండింటినీ విడివిడిగా వెతికి, ప్రతి చోటా కంటితో సరిచూసుకోండి.

3. ఆర్‌ఆర్‌ఎన్‌ఏ: అంకెతోపాటు జీవి పేరూ రాయండి

ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌లో ఉండేది ఆర్‌ఆర్‌ఎన్‌ఏ. దాని పేర్లలో కనిపించే 16ఎస్, 23ఎస్‌లలోని ఎస్ స్వీడన్ శాస్త్రవేత్త స్వెడ్‌బర్గ్ పేరు మీద వచ్చిన కొలమానం. అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో అణువు ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో అది చెబుతుంది. పెద్ద అక్షరంలో, అంకెకు ఆనించి రాయాలి. దిగే వేగం బరువుతోపాటు ఆకారం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి ఈ అంకెలు కూడికకు లొంగవు. బాక్టీరియా రైబోజోమ్‌లో 30ఎస్, 50ఎస్ కలిస్తే వచ్చేది 70ఎస్. మన కణాల్లో 40ఎస్, 60ఎస్ కలిస్తే 80ఎస్.

పెద్ద ఉచ్చు 16ఎస్ దగ్గరుంది. బాక్టీరియాలో 16ఎస్ చిన్న ఉపభాగానిది, ఈ.కోలైలో దాని పొడవు 1,542 న్యూక్లియోటైడ్‌లు. మనిషి మైటోకాండ్రియాలో 16ఎస్ పెద్ద ఉపభాగానిది, చిన్న ఉపభాగానిది 12ఎస్. పేగుల్లోని సూక్ష్మజీవుల మీద పనిచేస్తూ మనిషి కణజాలం నుంచి తీసిన శాంపిల్‌లో "16ఎస్" అని ఊరికే రాస్తే రెండు అర్థాలకూ తావిచ్చినట్టే. మైటోకాండ్రియా వాటికి జన్యువుల పేర్లు ఎంటి-ఆర్‌ఎన్‌ఆర్1 (12ఎస్), ఎంటి-ఆర్‌ఎన్‌ఆర్2 (16ఎస్) వాడితే గొడవ ఉండదు.

మనిషి కణాల్లో పెద్ద ఉపభాగానికి 28ఎస్, 5.8ఎస్, 5ఎస్, చిన్నదానికి 18ఎస్. ఈస్ట్‌లో, మొక్కల్లో 28ఎస్ స్థానంలో 25ఎస్ అంటారు. ఈస్ట్ జెల్ బొమ్మ కింద 28ఎస్ అని రాస్తే రివ్యూయర్ ఇట్టే పట్టుకుంటారు. కీటకాల విషయంలో ఇంకో చిక్కుంది. చాలా కీటకాల 28ఎస్ మధ్యలో తెగి ఉంటుంది. వేడిచేసి జెల్ నడిపితే రెండు ముక్కలూ 18ఎస్ పక్కకే చేరి ఒకటే గీతగా కనిపిస్తాయి. ఆర్‌ఎన్‌ఏ పాడైందనుకొని శాంపిల్ పారేయకండి.

4. టిఆర్‌ఎన్‌ఏ: పైన రాసేది ఒకటి, ముందు రాసేది ఒకటి

ఏ అమైనో ఆమ్లం కోసం ఉన్న టిఆర్‌ఎన్‌ఏనో దాని మూడక్షరాల గుర్తును టిఆర్‌ఎన్‌ఏ తర్వాత, పై అక్షరాలుగా రాయాలి. ఫినైల్‌అలనిన్‌దైతే పైన ఫీ గుర్తు. అప్పటికి ఆ అణువు ఖాళీగా ఉన్నట్టే. అమైనో ఆమ్లం ఎక్కాక అదే గుర్తును ముందు, మామూలు ఎత్తులో, అడ్డగీతతో రాయాలి. అంటే ముందు గుర్తు ఎక్కిన సరుకుది, పై గుర్తు ఆ అణువు ఎవరికోసమో చెప్పేది.

రెండూ ఒకటే అయినప్పుడు ఇది అనవసరమైన రాత అనిపిస్తుంది. 1962 నాటి ప్రయోగం చూస్తే ఎందుకు కావాలో తెలుస్తుంది. సిస్టీన్ టిఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కిన సిస్టీన్‌ను, అది అంటుకొని ఉండగానే రసాయనికంగా అలనిన్‌గా మార్చారు. రైబోజోమ్ ఆ అలనిన్‌ను తీసుకెళ్లి సిస్టీన్ ఉండాల్సిన చోట పెట్టింది. అది చూసేది యాంటికోడాన్‌నే (ఎంఆర్‌ఎన్‌ఏ మీది మూడక్షరాల కోడాన్‌తో జతకట్టే మూడక్షరాల భాగాన్నే) తప్ప ఎక్కిన అమైనో ఆమ్లాన్ని కాదని తేలింది. ఆ అణువును రాయాలంటే ముందు అలనిన్ గుర్తు "అలా", పైన సిస్టీన్ గుర్తు "సిస్" రాయాల్సిందే.

ప్రోటీన్ తయారీని మొదలుపెట్టే మెథియోనిన్ టిఆర్‌ఎన్‌ఏకు కింద చిన్న ఐ గుర్తు పెడతారు. బాక్టీరియాలో ఫార్మైల్ ఎక్కేది కాబట్టి ఎఫ్‌మెట్. ఫార్మైల్ గుంపు అంటుకునేది టిఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కేసిన మెథియోనిన్‌కే అన్నది మరవద్దు.

యాంటికోడాన్‌ను 5 ప్రైమ్ నుంచి 3 ప్రైమ్ వైపు రాయాలి. ల్యూసిన్‌కు ఉన్న యుఏఏ యాంటికోడాన్ చూసి స్టాప్ కోడాన్ అని కంగారుపడేవాళ్లున్నారు. అది తలకిందులుగా జతకట్టి చదివేది యుయుఏ కోడాన్‌ను. మైటోకాండ్రియా పేపర్లలో బ్రాకెట్లో యుయుఆర్ అని కనిపిస్తే అది యాంటికోడాన్ కాదు, కోడాన్. ఆర్ అంటే ఏ గానీ జి గానీ. ఆ జన్యువు ఎంటి-టిఎల్1. మెలాస్ జబ్బుకు కారణమయ్యే ఎం.3243ఏ>జి మార్పు ఉండేది అందులోనే.

జన్యు డేటాబేస్‌లో వెతికేటప్పుడు యాంటికోడాన్‌ను యుతో కాకుండా టితో టైప్ చేయండి. లైసిన్ టిఆర్‌ఎన్‌ఏ పేరు అక్కడ లైస్-టిటిటి-1-1 లాగా ఉంటుంది. మొదటి అంకె ఒకే యాంటికోడాన్ ఉన్నవాటిలో వరుస వేరైన రకానిది, రెండోది ఆ రకానికి జీనోమ్‌లో (జీవి మొత్తం డిఎన్‌ఏలో) ఉన్న ప్రతులది. యుయుయు అని వెతికి "లేదు" అని తేల్చేయొద్దు.

5. మైక్రో ఆర్‌ఎన్‌ఏ: పేరును ముక్కలుగా విడదీసి చదవండి

హెచ్‌ఎస్‌ఏ-మిర్-21-5పి తీసుకుందాం.

హెచ్‌ఎస్‌ఏ జీవి గుర్తు: మనిషి. ఎలుకకు ఎంఎంయు, వరికి ఓఎస్‌ఏ, అరబిడాప్సిస్‌కు ఏటిహెచ్. అన్నీ చిన్న అక్షరాలే.

మిర్‌లో చివరి ఆర్ పెద్దదైతే పరిపక్వ అణువు, సుమారు 22 న్యూక్లియోటైడ్‌లు. అదే ఆర్ చిన్నదైతే హెయిర్‌పిన్ పూర్వరూపం. మూడూ పెద్దవై, అడ్డగీత లేకుండా, ఇటాలిక్స్‌లో ఉంటే మనిషి జన్యువు. ఒక్క అక్షరం ఎత్తు మారితే మీ క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) ఆర్డర్ మారిపోతుంది. పూర్వరూపాన్ని పట్టే ప్రైమర్లు పరిపక్వ రూపాన్ని కొలవవు. గ్రాఫ్ మాత్రం అందంగానే వస్తుంది, అందుకే తప్పు చాలాకాలం బయటపడదు. మొక్కల్లో ఆచారం వేరు: పూర్వరూపానికి మూడూ పెద్ద అక్షరాలు, అంకెకు ముందు అడ్డగీత ఉండదు.

21 దొరికిన వరుస. ఆ అంకెకు పనితో సంబంధం లేదు. 21, 22 చుట్టాలు అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. 2003లో ఒప్పుకున్న ఉమ్మడి నియమాల ప్రకారం సాగే వరుస ఇది. అంతకుముందే పేరుపడిన లెట్-7, లిన్-4 పాత పేర్లతోనే కొనసాగుతున్నాయి. లెట్-7ను మిర్-7 అని "సరిదిద్దకండి", అది వేరే అణువు.

అంకె వెనక అక్షరం వస్తే (181ఏ, 181బి) వరుసలు దగ్గరదగ్గరగా ఉన్నాయిగానీ ఒకటి కావు. అడ్డగీతతో అంకె వస్తే (181ఏ-1, 181ఏ-2) జీనోమ్‌లో చోట్లు వేరు, వాటి నుంచి వచ్చే ముఖ్యమైన పరిపక్వ అణువు ఒకటే. కాబట్టి పరిపక్వ 181ఏ-5పిని కొలిచి "181ఏ-1 జన్యువు పెరిగింది" అని రాయడం తప్పు. ఏ చోటు నుంచి వచ్చిందో ఆ కొలత చెప్పదు.

5పి, 3పి అంటే హెయిర్‌పిన్‌లో ఏ చేతి నుంచి వచ్చింది అని. పాత పేపర్లలో ఎక్కువగా దొరికే పోగుకు ఊరికే పేరు, తక్కువగా దొరికేదానికి నక్షత్రం గుర్తు పెట్టేవారు. నక్షత్రం లేదంటే 5పి అని లెక్కకట్టడమే ఇక్కడ ప్రమాదం. మిర్-21 నక్షత్రం ఇప్పటి 21-3పి, అంతవరకు బాగానే ఉంది. మిర్-126 దగ్గరికొస్తే నక్షత్రం లేనిదే 3పి, నక్షత్రం ఉన్నది 5పి. పాత పేపర్‌ను ఉటంకించేటప్పుడు అందులోని ప్రైమర్ వరుసను మైక్రో ఆర్‌ఎన్‌ఏల డేటాబేస్ అయిన ఇప్పటి మిర్‌బేస్‌తో పోల్చాకే కొత్త పేరు రాయండి.

జీవులు మారితే పేరు కూడా కాస్త మారవచ్చు. మనిషి 21-5పికి ఎలుకలో సరితూగేది 21ఏ-5పి. ఎలుక డేటాలో "21" కనిపించలేదని ఆందోళన వద్దు.

ఇవన్నీ రాశాక మిర్‌బేస్ నంబర్ కూడా చేర్చండి. ఎంఐతో మొదలైతే పూర్వరూపం, ఎంఐఎంఏటితో మొదలైతే పరిపక్వం. మనిషి మిర్-21కు అవి ఎంఐ0000077, ఎంఐఎంఏటి0000076. ఏ వెర్షన్ చూశారో (ఉదాహరణకు 22.1) అదీ రాయండి.

6. యు, వై, ఎస్‌ఎన్ఓఆర్‌డి

యు1, యు2, యు4, యు5, యు6 స్ప్లైసింగ్ (ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని భాగాలు తీసేసి మిగతావి అతికే పని) చేసే ఎస్‌ఎన్ఆర్‌ఎన్‌ఏలు. ఆ వరుసలో యు3 ఉండదు, అది స్నోఆర్‌ఎన్‌ఏ. యురిడిన్ ఎక్కువగా ఉన్నందుకు యు వచ్చింది. కణద్రవ్యంలో దొరికినవాటిని వీటి నుంచి వేరుగా చూపడానికి వై పెట్టారు. మనిషిలో వై1, వై3, వై4, వై5 ఉన్నాయి. వై2 అనుకున్నది వై1 ముక్కేనని తేలి ఆ అంకె ఖాళీగా మిగిలింది.

స్నోఆర్‌ఎన్‌ఏ జన్యువుల్లో సి/డి బాక్స్ ఉన్నవి ఎస్‌ఎన్ఓఆర్‌డి, హెచ్/ఏసిఏ బాక్స్ ఉన్నవి ఎస్‌ఎన్ఓఆర్‌ఏ. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలతల్లో పోలికకు వాడే ఆర్‌ఎన్‌యు44, ఆర్‌ఎన్‌యు48 పేర్లు చూసి ఎస్‌ఎన్ఆర్‌ఎన్‌ఏలని రాసేస్తుంటారు. అవి ఎస్‌ఎన్ఓఆర్‌డి44, ఎస్‌ఎన్ఓఆర్‌డి48. పైగా 44వది జిఏఎస్5 అనే జన్యువు ఇంట్రాన్‌లో (స్ప్లైసింగ్‌లో తీసేసే భాగంలో) ఉంది. జిఏఎస్5 పనితీరు మారే ప్రయోగంలో దాన్ని పోలికకు పెట్టుకుంటే లెక్కలే చెడతాయి.

7. పొడవాటివి, వలయాకారపువి

పని తెలిసినవాటికి పనిని బట్టి పేరుంటుంది: ఎక్స్‌ఐఎస్‌టి, హాట్‌ఎయిర్. తెలియనివాటికి చోటును బట్టి. పక్క జన్యువుకు ఎదురు పోగు మీద ఉంటే ఆ జన్యువు పేరు వెనక ఏఎస్1, ఇంట్రాన్‌లో ఉంటే ఐటి1, ఎదురెదురు దిక్కుల్లో మొదలైతే డిటి. జన్యువుల మధ్య ఖాళీలో ఉంటే లింక్ అన్న పెద్ద అక్షరాలు, ఐదంకెలు. ముందున్న సున్నాలు తీసేయకండి: లింక్00473ను లింక్473 అని రాస్తే డేటాబేస్‌లో దొరకదు. వాడుక పేరుంటే మొదటిసారి రెండూ ఇవ్వండి. అన్రిల్ అని అందరూ పిలిచేది సిడికెఎన్2బి-ఏఎస్1. మనిషి జన్యువుకు అన్నీ పెద్ద అక్షరాలు, ఎలుకకు మొదటిది మాత్రమే పెద్దది.

వలయాకారపువాటికి సర్క్ తర్వాత మూల జన్యువు పేరు, వీలైతే ఏ ఎక్సాన్లు కలిశాయో కూడా ఇవ్వాలి. ఒకే జన్యువు నుంచి పలు వలయాలు వస్తాయి కాబట్టి జన్యువు పేరు ఒక్కటే చాలదు. వెనక్కి అతుక్కున్న అతుకు దగ్గరి వరుస ఇస్తే ఇక ఏ సందేహమూ ఉండదు.

8. ఆర్డర్ ఫారంలో రాసేటప్పుడు

ఎంఆర్‌ఎన్‌ఏ రికార్డులో కూడా వరుసను టితోనే రాస్తారు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిని ఆపే చిన్న రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ) కోసం దాన్ని కాపీ చేస్తే టిలను యులుగా మార్చాలి. అయితే "అన్నీ మార్చు" కొడితే 3 ప్రైమ్ కొసన పెట్టిన రెండు డిటిలు (డిఎన్‌ఏ రకపు టిలు) కూడా మారిపోతాయి. ముందు 19 జతల భాగాన్ని మార్చి, కొసలు చివర్లో చేర్చండి. సీసా మీద ఎస్‌ఐ, జన్యువు పేరు, వరుస అంకె రాస్తే ల్యాబ్ లోపల చాలు. పేపర్‌లో రెండు పోగుల వరుసలూ ఇవ్వాల్సిందే.

క్రిస్పర్‌లో డిఎన్‌ఏను కోసే ఎంజైమ్ క్యాస్9. దాని గైడ్‌లో లక్ష్యాన్ని చూపే భాగం 20 న్యూక్లియోటైడ్‌లు. లక్ష్యం పక్కనుండే ఎన్‌జిజి (పామ్) డిఎన్‌ఏలో ఉండాలి, గైడ్‌లో ఉండకూడదు. కలిపి 23 రాసి పంపితే గైడ్ సరిగా పనిచేయదు. రెండు ముక్కలుగా కొంటే సిఆర్‌ఆర్‌ఎన్‌ఏ, ట్రేసర్‌ఆర్‌ఎన్‌ఏ అని విడిగా, కలిపి ఒకటిగా చేస్తేనే ఎస్‌జిఆర్‌ఎన్‌ఏ.

మార్పులు చేసిన బేస్‌ల దగ్గర ఇంకో తిరకాసు. శాస్త్రీయ రాతలో చిన్న ఎం బేస్ ముందు వస్తే మిథైల్ బేస్ మీద ఉన్నట్టు (ఎం6ఏ), వెనక వస్తే చక్కెర 2 ప్రైమ్ దగ్గర ఉన్నట్టు (ఏఎం). చాలా ఆర్డర్ ఫారాల్లో మాత్రం ముందున్న ఎం 2 ప్రైమ్ మిథైల్‌కే గుర్తు. పేపర్లో చూసినదాన్ని అలాగే ఫారంలో టైప్ చేయకుండా ముందు ఆ ఫారం గుర్తుల పట్టిక చదవండి.

మందు పేరుకైతే తోక చూడండి. సిరాన్‌తో ముగిస్తే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (ఇన్‌క్లిసిరాన్), మెరాన్ అయితే ఎంఆర్‌ఎన్‌ఏ (టోజినామెరాన్), ఆర్‌సెన్ అయితే యాంటిసెన్స్ (నుసినెర్సెన్).

9. మార్పులు, రికార్డు నంబర్లు

జన్యు మార్పు రాసేటప్పుడు ముందు ఒక అక్షరం, చుక్క వస్తాయి. ప్రోటీన్‌కు కోడ్ అయ్యే వరుసకు సి, కోడ్ కానిదానికి ఎన్, మైటోకాండ్రియాకు ఎం, ఆర్‌ఎన్‌ఏలోనే చూసి నిర్ధారిస్తే ఆర్. ఆర్ వాడినప్పుడు బేస్‌లు చిన్న అక్షరాల్లో, టి బదులు యు. పిల్లల్లో మెదడు ఎదుగుదల లోపానికి కారణమని 2024లో గుర్తించిన ఆర్‌ఎన్‌యు4-2 మార్పు ఎన్.64_65ఇన్స్‌టి. యు4 ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ రాదు కాబట్టి అక్కడ సి రాస్తే తప్పు.

రికార్డు నంబర్‌లో ఎన్‌ఎం ఉంటే ఎంఆర్‌ఎన్‌ఏ, ఎన్‌ఆర్ ఉంటే కోడ్ కానిది. ఎక్స్‌ఎం, ఎక్స్‌ఆర్ కంప్యూటర్ ఊహించినవి. చుక్క తర్వాతి వెర్షన్ అంకె వదిలేస్తే, రికార్డు మారాక మీ స్థానాల లెక్కలు ఎవరికీ కుదరవు.

10. తెలుగులో రాస్తుంటే

మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. మిర్ రెండు రూపాలూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి పత్రికకో పాఠానికో తెలుగులో రాసేటప్పుడు "పరిపక్వ మిర్-21", "పూర్వరూప మిర్-21" అని మాటల్లోనే చెప్పండి. ఎంఐఆర్‌ఎన్‌ఏ అని కాకుండా మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని రాయండి. ఎంఆర్‌ఎన్‌ఏతో కలగాపులగం కాదు. టిఆర్‌ఎన్‌ఏ పైన రాసే గుర్తుకు బదులు "సిస్టీన్ టిఆర్‌ఎన్‌ఏ", ఎక్కాక "సిస్టీన్ ఎక్కిన సిస్టీన్ టిఆర్‌ఎన్‌ఏ" అంటే సరిపోతుంది. డేటాబేస్ నంబర్లను మాత్రం తెలుగు లిపిలోకి మార్చి ఊరుకోకుండా పట్టికలో రోమన్ రూపాన్నీ పక్కనే ఇవ్వండి, చదివేవాళ్లు కాపీ చేసుకుని వెతకాల్సింది దాన్నే.